నేను దిద్దిన నాటకం

ఆ రోజుల్లో విశాఖలో ఎవరి నాటకమైనా అచ్చయిందంటే, రాసినవాడి కంటే వాడి చుట్టాలే ఎక్కువ ఛాతీ విరుచుకుని తిరిగేవారు. నేనూ అలాంటి చుట్టాన్నే. మొన్న మా బావ నాటకాల సంపుటం కొత్తగా వెలువడింది. ద్వారకా నగర్‌లో ఒక చిన్న హాల్లో ఆవిష్కరణ పెడితే, వచ్చిన కుర్రాళ్లంతా అందులోని మొదటి నాటకం గురించే అడిగారు. వాళ్లతో అన్న మాటే మీతోనూ అంటున్నాను: ఆ నాటకానికి సగం రచయితను నేనే. (సగం అన్నది కొంచెం పెద్ద మాట. కాస్త ముందుకెళ్లాక తగ్గిస్తాను.)

బావంటే మా అప్ప మొగుడు. (మా వైపు అక్కను అప్ప అంటాం.) హార్బరులో క్రేన్ నడిపేవాడు. కాపురం గాజువాకలో. నేను వాళ్లింట్లోనే ఉంటూ ఒక ఆఫీసులో కొత్తగా గుమస్తాగా చేరాను. పైవాళ్ల ఉత్తరాల్లో తప్పులు దిద్దడం నా పని. బడిలో తెలుగులో ఎప్పుడూ నాదే మొదటి మార్కు కావడంతో, తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకునేది కాదు. పెళ్లి శుభలేఖలు కూడా దిద్ది వెనక్కి పంపిన ఘనుణ్ని. బావ షిఫ్టు దిగివచ్చి వంటింటి గుమ్మంలో కూర్చుని రాసేవాడు. రాసిన ప్రతి ముక్కా అప్పకు చదివి వినిపించేవాడు. ఆవిడ పోపు వేయిస్తూనే "అలాగనరు, ఇలాగంతారు" అని సర్దేది. అలా ఏడాది పట్టింది. కథ చిన్నదే. పని పోయిన రేవు కళాసీ ఒకడు ఇంటికొస్తాడు. ఆ సంగతి పెళ్లానికి ఎలా చెప్పాలో తెలియక, "ఏటి సేత్తన్నావ్?" అంటాడు. ఆ ఒక్క మాట మీదే నాటకమంతా నిలబడి ఉంది.

వన్‌టౌన్‌లో ప్రెస్సు నడిపే ఒక పెద్దాయన (అందరూ భాయ్ అనేవారు) పుస్తకం వెయ్యడానికి ఒప్పుకున్నాడు. సరిగ్గా ప్రూఫులు వచ్చిన వారమే రేవులోకి ఓడ మీద ఓడ. బావకు ఊపిరాడలేదు. "ఒరే బావా, అచ్చుతప్పులుంతే నువ్వే దిద్దీ" అని కాగితాలు నా చేతిలో పెట్టి డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఇక తగ్గించవలసిన చోటికి వచ్చాం. ఆ నాటకంలో నేను ఒక్క వాక్యమూ రాయలేదు. దిద్దాను, అంతే. "నాను" ఉన్నచోటల్లా "నేను" చేశాను. "సేపలు" చేపలయ్యాయి. "ఏటి సేత్తన్నావ్" దగ్గరికి వచ్చేసరికి మంచి ఊపు మీదున్నానేమో, అది "ఏమి చేయుచున్నావు" అయింది. ఇంట్లో నేనూ "నాను" అనేవాణ్నే. కానీ అది నోట్లో ఉండే మాట గాని, అచ్చులో ఉండే మాటా? భాయ్ నా ఎర్రగీతలు చూసి, "బాబూ, ఇవి రాసినాయన మాటలేనా?" అని రెండుసార్లు అడిగాడు. "నాకు తెలుసు కదండీ" అన్నాను. (ఆ వయసులో నాకు తెలియనిది ఉండేది కాదు.)

పుస్తకాలు సరిగ్గా ప్రదర్శన నాటి సాయంత్రానికి వచ్చాయి. కళాసీ వేషం రేవులో పనిచేసే మేస్త్రిది. పెళ్లాం వేషం మా అప్పది. అంతవరకు రిహార్సల్సన్నీ బావ చేతిరాత కాగితాలతో నడిచాయి. తెర పక్కన నిలబడి మాట అందించే పని నాది. కొత్త కాగితం వాసనకు మురిసిపోయి, పాత కాగితాలు పక్కన పడేసి అచ్చు పుస్తకమే పట్టుకున్నాను. మేస్త్రి వేదిక మీదికొచ్చాడు. జనాన్ని చూశాడు. మాట మరిచిపోయాడు.

"ఏమి చేయుచున్నావు?" అని అందించాను.

మేస్త్రి నా వైపు చెవి వంచి "ఏటీ?" అన్నాడు.

"ఏమి చేయుచున్నావు!"

"ఏటంతన్నావ్?"

హాలంతా నవ్వు. నవ్వవలసిన చోటు కాదది. అవతలి పక్క నిలబడ్డ బావ మొహం చూశాను, మళ్లీ చూడలేదు. అంతలో పొయ్యి దగ్గరున్న అప్ప, తల తిప్పకుండానే, "ఏటంతాను? నీ మొకం సూత్తేనే తెలుత్తంది. ముందు కూడు తిను" అంది. బావ రాసిన మాట కాదది. నవ్వు టక్కున ఆగిపోయింది. మేస్త్రి కంచం ముందు కూర్చున్నాడు. ముందువరసలో ఎవరో ముక్కు చీదారు.

నాటకం బతికింది గాని పుస్తకం సంగతి మిగిలింది. బావ ఒక్కో పేజీ తిప్పి, "ఈడెవుడ్రా బావా? మన కళాసీ ఎక్కడికెల్లిపోనాడు?" అన్నాడు. ఒక్క కాపీ కూడా పంచకుండా కట్టలు మళ్లీ కట్టేశాడు. ప్రూఫులు చూసింది నేనే అయినా, ప్రెస్సులో ఏం జరిగిందో అక్కడెవరికి తెలుసు? నోరు మూసుకుంటే గడిచిపోయేదే. కానీ నేను గుండె దిటవు చేసుకుని, అందరి ముందూ, "తప్పు నాదే బావా" అన్నాను. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు కూర్చుని, ప్రతి కాపీలో "నేను" కొట్టేసి "నాను" రాశాను. ఆ కుర్ర గుమస్తా ఇప్పుడు ఎదురైతే చేతిలో పెన్ను లాక్కుంటాను. పోనీలెండి, వాడి దస్తూరీ మాత్రం ముత్యాల్లా ఉండేది.

పత్రికకు పంపే ముందు ఇదంతా అప్పకు చదివి వినిపించాను. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చివరిదాకా విని, అంది:

"నువ్వొప్పుకున్నావేటి? ఎప్పుడ్రా? 'ఆ భాయ్ ప్రెస్సోల్లే పాడుసేసినారు' అని అందరి ముందరా అన్నావు. మీ బావ ఆ పెద్దాయన్ని నానా మాటలూ అనీసినాడు. మర్నాడు ఆయన ఎర్రగీతల కాయితాలు సంకలో ఎట్టుకుని మనింటికొచ్చినాడు. దస్తూరీ సూసి గుర్తుపట్టింది నాను. నువ్వు పెరట్లోకి పోయి కూకున్నావు. అయినా ఆయన నిన్నొక్క మాట అన్నేదు. టీ తాగి, 'సిన్నోడు కదమ్మా' అనీసి ఎల్లిపోనాడు. అది రాయి."