తసల్లీ మానేసిన సారు

సోమవారం పొద్దున పూజకు కూర్చోబోతుంటే హట్టి నుంచి తమ్ముడి ఫోన్. "అక్కా, సారు పోయిండంట" అన్నాడు. దీపమైతే వెలిగించాను. నోట నామం మాత్రం రాలేదు.

సారు అంటే రాయచూరులో మనసు జబ్బులకు కౌన్సెలింగ్ చేసే పెద్దాయన. రైస్ మిల్లుల పక్క వీధిలో ఒక గది, నాలుగు కుర్చీలు. మీలో కొందరు ఆ కుర్చీల్లో కూర్చునే ఉంటారు. చెప్పుకోరు, అంతే.

మా తమ్ముడు బడిపంతులు. స్కూటర్‌తో ఎవరినో గుద్దేశానేమోనని వాడి భయం. వచ్చిన దారినే మళ్ళీ వెళ్ళి చూసొచ్చేవాడు, మూడుసార్లు, నాలుగుసార్లు. ఇంటికొచ్చాక "బండి ఎవరికన్న తగిలిందా అక్కా?" "లేదు నాయనా." కాసేపటికి మళ్ళీ అదే. ఉద్యోగం పోయేదాకా వచ్చింది.

ఎనిమిది నెలలు సారు వాడితో మాట్లాడారు. చక్కగా మాట్లాడేవారు. వాడు నవ్వుతూ బయటికొచ్చేవాడు, వీధి మలుపు దాటకముందే భయం తిరిగొచ్చేది. ఈ జబ్బుకు ఎందరి మీదనో పరీక్షించి చూసిన పద్ధతి ఒకటుందని ఆయన శిష్యురాలు ఎప్పటినుంచో చెబుతోందట. "వంటపుస్తకం చూసి మనిషిని బాగుచేస్తరా?" అని ఆయన కొట్టిపారేసేవారట. ఇదంతా ఆయనే చెప్పారు, ఒకరోజు మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని.

"భయపడే మనిషిని ఆ భయంలనే కొంచెంసేపు కూసోనియ్యాలె. అది చూసుడు నాకు చేతకాలె. అందుకే పద్ధతి మంచిది కాదన్న. ఇన్ని దినాలు తసల్లీ ఇచ్చుకుంట ఓదార్చిన. అది నాకు బాగుండె, నీకు కాదు. మాఫ్ చెయ్యి నాయనా."

అరవై దాటిన మనిషి, ఆ శిష్యురాలి దగ్గరే కూర్చుని ఆ పద్ధతి నేర్చుకున్నారు. తమ్ముడి స్కూటర్ వెనకెక్కి దేవసూగూరు దారి పట్టారు. వాడు వెనక్కి తిరిగి చూడకూడదు. ఎంత భయమేసిందో నూటికి ఇంతని కాగితం మీద రాయాలి. నాకూ ఒక పని అప్పగించారు, వాడు అడిగితే జవాబు చెప్పకుండా ఉండడం. "ఏం చెప్పాలనున్నా దేవునికి చెప్పుకోండమ్మా, వీనికొద్దు."

నోరు మూసుకున్నాను. కానీ వాడు అడిగినప్పుడల్లా వాడి నుదుట విభూతి పెట్టాను. కాగితం మీద అంకె తగ్గలేదు. సారు కాగితం చూసి, వాడి నుదురు చూసి, నన్ను చూశారు.

"ఇది గూడ జవాబేనమ్మా."

తలొంచుకున్నాను.

"నేను ఎనిమిది నెలలు చేసింది మీరు ఎనిమిది దినాలే చేసిండ్రు. మీరే నయం" అని నవ్వారు.

ఆ సాయంత్రం నుంచి వాడు అడుగుతుంటే పక్కన ఊరికే కూర్చున్నాను. వాడు ఏడ్చిన రోజులున్నాయి. అంకె మెల్లగా దిగింది. తర్వాత హట్టి బడికి బదిలీ అయి వెళ్ళాడు. ఇప్పుడు ఇంట్లో నన్నెవరూ ఏమీ అడగరు. ఆ వెలితి తెలిసినవారు సారొక్కరే. బజారులో కనబడితే "మీ అంకె ఎంతమ్మా?" అనేవారు. "ఉంది సార్, ఎక్కడ పోతది" అనేదాన్ని.

అంత్యక్రియలకు తమ్ముడు వచ్చాడు. అన్నీ అయ్యాక మా ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాం. "ఆయన బాధపడకుండనే పోయిండు కదరా?" అన్నాను. కాసేపటికి మళ్ళీ అడిగాను. వాడు జవాబు చెప్పలేదు. కొంచెం దగ్గరికి జరిగాడు. ఎదురింటి గోడ మీది ఎండ పైకి పాకి, కప్పు అంచు దాటి పోయేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.