నేను చెడిపోయిన వీడియో

తల్లి కడుపులో ఉన్నప్పుడే నన్ను ఎరిగినవాడు, పైరూపం కాక లోపలి మనసు చూసేవాడు అయిన దేవునికి ముందుగా స్తోత్రం. మనుషులు మాత్రం వీడియో చూసి తీర్పు తీరుస్తారు. అందుకే ఈ స్తోత్రం నేను కాస్త గట్టిగానే చెప్తాను.

ఆ రోజుల్లో, అంటే రాష్ట్రం విడిపోయిన కొత్తలో, చేతికి పెద్ద ఫోను వచ్చిన ఆడపిల్ల చెడిపోయినట్టేననీ, ఇంకా రాని పిల్ల చెడిపోవడానికి సిద్ధంగా ఉందనీ మా ప్రొద్దుటూరు పెద్దలకు గట్టి నమ్మకం. (మగపిల్లోని చేతికి అదే ఫోను వస్తే 'శానా తెలివి, అన్నీ వానంతట వాడే నేర్చుకున్యాడు' అనేవాళ్లు. ఈ అన్యాయం మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.) నాకు అప్పటికి అలాంటి ఫోనే లేదు. డిగ్రీ పూర్తిచేసి, ఆదివారాలు మందిరంలో చిన్నపిల్లలను చాప మీద కూర్చోబెట్టి పాటలూ వాక్యాలూ నేర్పేదాన్ని. వేసవిలో పిల్లల కోసం జరిపే సెలవుల బడి ఆ ఏడు మొదటిసారి నా చేతికి ఇస్తామన్నారు. ఆ బడి కోసం నేను పాటలు కట్టుకున్నాను, రంగు కాగితాలు కత్తిరించుకున్నాను, నిద్రలో కూడా పిల్లలను వరుసలో నిలబెట్టాను.

అంతలో మా అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఏదో సభకు పోయి పిల్లల పెంపకం మీదా యువతకు ఎదురయ్యే కష్టాల మీదా కొన్ని వీడియోలు తెచ్చారు. మంచి విషయాలే. కానీ అందులో తల్లిదండ్రులు సోఫాలో కూర్చుని "బంగారూ, నీ మనసులోని భావాలను మాతో పంచుకోవా" అని మాట్లాడుతుంటే మా మందిరంలో నవ్వులే నవ్వులు. "ఈయమ్మ బిడ్డతో మాట్లాడతాందా, బ్యాంకు మేనేజరుతో మాట్లాడతాందా?" అని మా అమ్మ పైకే అనేసింది. అప్పుడు లేచాడు మైకు మామ. పెండ్లిళ్లకూ కూటాలకూ మైకు సెట్లు బాడుగకిచ్చే మనిషి, సొంత కెమెరా ఉన్న మనిషి, కాబట్టి సంఘంలో మాట చెల్లే మనిషి. "మనమే తీద్దాం అయ్యగారూ, మన మాటల్లోనే" అన్నాడు. అయ్యగారు సరే తీయమన్నారు. రెండు భాగాలు. మొదటి దాంట్లో ఫోను పిచ్చిలో పడి కూతురు చెడిపోతుంది, ఇంట్లోవాళ్లు తిట్టి ఇంకా చెడగొడతారు. రెండో దాంట్లో తండ్రి తిట్టడం మాని పక్కన కూర్చుని వింటాడు, ఇల్లు చక్కబడుతుంది. తండ్రి వేషం ఆయనకే. కూతురి వేషం నాకు.

"మీ పాపనే పెట్టొచ్చు గదా మామా?" అన్నాను. (ఆయన కూతురిది నా వయసే. ఫోను చేతిలోంచి దిగేది కాదు. నటించే పని కూడా ఉండేది కాదు.)

"మా పాపనా? రేపు నలుగురూ చూసేది గదమ్మా. దాని పేరు చెడిపోతాది" అన్నాడు, రెప్ప కూడా కొట్టకుండా.

"మరి నా పేరు?"

"నీకేమి మా! పిల్లోళ్లకు వాక్యం చెప్పేదానివి. నిన్ను ఎవరనుమానిస్తారు?"

ఇంత గొప్ప మాట విన్నాక కాదనలేకపోయాను. పైగా నేను వేసుకోవాల్సిన జీన్సు పాంటు కూడా ఆయన కూతురిదే తెచ్చి ఇచ్చారు. అంటే పాంటు తెరమీదికి రావచ్చు, పిల్ల రాకూడదు! మిట్టమధ్యాహ్నం వాళ్ల మిద్దె మీద తీశారు. ఏడవడానికి ఉల్లిగడ్డ కోసి పెట్టుకున్నారు గానీ పనిపడలేదు. ప్రొద్దుటూరు ఎండలో, చెప్పుల్లేకుండా, కాలిపోయే మిద్దె మీద నిలబడితే ఎవరికైనా కన్నీళ్లు వస్తాయి. అన్నం తట్ట విసిరేశాను, "నాకు అమ్మా వద్దు, నాయనా వద్దు, ఈ ఫోనుంటే చాలు!" అని అరిచాను, చివర్లో చేతులు జోడించి "పాడైపోయినా, నన్ను కాపాడేవాళ్లే లేరా" అని వెక్కి వెక్కి ఏడ్చాను. అక్కడితో మొదటి భాగం సమాప్తం.

మొదట జమ్మలమడుగు సంఘంలో వేశారు. ఆ రోజు నేను పోలేదు, అదే నా దురదృష్టం. మా సంఘాల్లో ఒక వాడుక ఉంది. ఎవరైనా లేచి తన బతుకు ఎలా పాడైందో చెప్పి ఏడిస్తే దాన్ని సాక్ష్యం అంటాం. సాక్ష్యం వినగానే అందరూ మోకాళ్లూని ఆ మనిషి కోసం ప్రార్థన చేస్తారు. అప్పటివరకూ అక్కడివాళ్లు తెరమీద చూసినవి కూడా సాక్ష్యాలే. విశ్వాసులు వేషం కడతారని వాళ్లకు ఎవరు చెప్పారు? నేను తెరమీద ఏడవగానే జమ్మలమడుగు మోకాళ్లూనింది. "యా తల్లి కన్న బిడ్డో" అని ఒకరంటే, "మా ఊరి టైలరన్న బిడ్డేలే" అని ప్రొద్దుటూరు నుంచి పోయిన ఒక మహాతల్లి ఊరూ పేరూ అందించింది. ఇంక నా పేరు పెట్టి ప్రార్థన మొదలైంది. అది ఎంతకూ ముగియలేదు.

మైకు మామ సంతోషంతో ఊగిపోతూ వచ్చాడు. "నీ యాక్షనుకు జమ్మలమడుగు జమ్మలమడుగే ఏడ్చింది మా!"

"రెండో భాగం చూసి ఏమన్నారు మామా?"

"అది యాడ వేసేది? జనమంతా ప్రార్థనలో ఉండారు. దేవునికి అడ్డం పోతామా?"

ఆ వీడియో ఇంకో ఊరికి పోకముందే నా కోసం ప్రార్థన పులివెందులకూ, వేములకూ పోయింది. తర్వాతి ఆదివారం నా ముందర పిల్లలు సగమే ఉన్నారు. ఆ పై వారం చాపే ఎక్కువ కనిపించింది. ఒకామె తన కొడుకును చెయ్యి పట్టి లేపుతూ "ఏం లేదు మా, వానికి జలుబు" అంది. "నాకు జలుబు ల్యా!" అని వాడు అరిచాడు. (ఆ మందిరంలో ఆ రోజు నిజం చెప్పింది వాడొక్కడే.) ఇంకొకామె నా తల నిమిరి "నీ కోసం ఉపవాసం ఉండా పాపా, దిగులుపడొద్దు" అంది. ఒళ్లు మండిపోయింది. అయ్యగారి దగ్గరికి పోతే ఆయన నేల చూస్తూ "సెలవుల బడి ఈ ఏడు అమ్మగారు చూసుకుంటార్లే మా. జనం నోర్లు మూతపడనీ" అన్నారు. (అమ్మగారంటే ఆయన భార్యే.) తీయమన్నది ఆయనే, ఆగమన్నదీ ఆయనే! అబద్ధ సాక్ష్యం పలకొద్దని ఆజ్ఞ ఉంది. పలకని సాక్ష్యాన్ని పలికినట్టు నమ్మేవాళ్లను ఏం చేయాలో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

పులివెందులలో ఈ ఊళ్ల సంఘాలన్నీ కలిసే కూటం వచ్చింది. "రెండు భాగాలూ వేయాల్సిందే, నేనూ వస్తా" అని పట్టుబట్టి, అమ్మనూ నాయననూ తీసుకుని పోయాను. మొదటి భాగం అయిపోయింది. జనం మోకాళ్లూనే లోపే నేను లేచాను.

"ఆగండి! ఆ పిల్ల నేను కాదు! నేను అట్లాంటిదాన్ని కాదు!"

ముందు వరుసలో తల నెరిసిన ఒక అవ్వ రెండు చేతులూ పైకెత్తింది. "స్తోత్రం! విన్యారా? ఆ పిల్ల ఇప్పుడు లేదంట! మారిపోయిందంట!"

హల్లెలూయా అని పందిరి అదిరింది.

"మారలేదవ్వా! నేను మొదట్నుంచీ ఇట్లే ఉండా!"

"సూడు, ఎంత తగ్గింపు మనసో!" అంది పక్కనున్న ఆమె.

ఇట్లాంటివాళ్లతో ఎవరు గెలుస్తారు? మైకు మామ కంగారుగా రెండో భాగం వేశాడు. తెరమీద ఆయన నా పక్కన కూర్చుని "ఏం తిన్యావు మా?" అని మెత్తగా అడిగాడు, నేను చెప్పేదంతా విన్నాడు. చివర్లో అవ్వ నా వైపు తిరిగి "ఇంత బంగారట్లాంటి నాయన ఉండి గూడా చెడిపోయినావే పాపా!" అంది.

అప్పుడు వెనక వరుసలో మా నాయన లేచాడు. ఆయన మిషను కుట్టే మనిషి. సంఘంలో నోరు విప్పిందే లేదు. ఆమేన్ అన్నా పక్కవాళ్లకు వినపడదు.

"అవ్వా, ఆ పాప నాయన ఆయప్ప కాదు. నేను" అన్నాడు. "నా బిడ్డ ఏ పొద్దూ తట్ట ఇసిరేయలేదు. నేను అంగడి నుంచి వచ్చేదాకా తినకుండా కూచోనుంటాది. మీ పిల్లోళ్లకు నేర్పే పాటలు ముందు ఇంట్లో పాడతాది, మాకు చెవులు పోతాండాయి. మీరు చూసింది వేషం. ఆ పాంటు గూడా దానిది కాదు."

"మరి ఎవరిది?" అని ఎవరో అడిగారు.

మా నాయనకు అబద్ధం రాదు. "మైకన్న బిడ్డది."

పందిరిలో తలలన్నీ ఒక్కసారిగా మైకు మామ వైపు తిరిగాయి. ఆయన వైర్లు సర్దడంలో మునిగిపోయాడు. (దేవుడు నన్ను క్షమించాలి, ఆ క్షణం నాకు చాలా బాగుండింది.) అయ్యగారు లేచి గొంతు సవరించుకుని "సెలవుల బడి మన పాపే నడుపుతాది" అని మైకులో చెప్పేశారు. అవ్వ మాత్రం దిగాలుగా కూర్చుంది. "అట్లయితే ఇన్నాళ్లూ నేను మోకాళ్లరగదీసి చేసిన ప్రార్థన?" అంది.

నాయనే అన్నాడు, "యాడికీ పోదులేవ్వా. దానికి ముందర శానా బతుకుంది."

ముద్దనూరు మీదుగా వచ్చే బస్సులో దారంతా నేను అందరినీ తిడుతూనే ఉన్నాను. నాయన కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. ఆయన మాటలన్నీ పులివెందులలో అయిపోయినట్టున్నాయి.

ఇప్పుడు నాకే ఒక కూతురు. మొన్న అన్నానికి పిలిస్తే, తల ఎత్తకుండా "నాకు అన్నమూ వద్దు, నువ్వూ వద్దు, ఫోనుంటే చాలు" అంది. కాలిపోయే మిద్దె మీద నేను అరిచిన మాటే! తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడు రెండో భాగం గుర్తొచ్చింది. పోయి పక్కన కూర్చుని "బళ్లో ఏం తిన్యావు మా?" అని అడిగాను. ఇదేమన్నా పిచ్చిదా అన్నట్టు చూసింది. కాసేపటికి చెప్పడం మొదలుపెట్టింది. వింటూ ఉంటే ఎందుకో, ఎప్పుడో ప్రభువు దగ్గరికి పోయిన ఆ అవ్వ గుర్తొచ్చింది. న్యాయం కోసం అంత గొంతు చించుకున్న ఆ పిల్ల, అంటే అప్పటి నేను, గుర్తొచ్చింది. నవ్వొచ్చింది. నాయన చెప్పినట్టే, ఆ ప్రార్థన యాడికీ పోలేదు, ఇన్నాళ్లకు నా ఇంటికే చేరింది.

ఇది చదువుతున్న అక్కలారా, అన్నలారా, ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. తండ్రీ, మా పిల్లలు చెప్పేది వినే చెవులు మాకివ్వు. ఎవరి బిడ్డ గురించైనా మోకాళ్లూనే ముందు, రెండో భాగం ఉందేమో చూసే ఓపిక కూడా ఇవ్వు. ఆమేన్.