లెట్రిన్ తాళంచెవి

ఎనభైల చివర్లో ఒక వానాకాలం కృష్ణానగర్‌లో కలరా పాకింది. అప్పటికి నాలుగేళ్ళుగా నా పెద్దపేగులో పుండ్లు. రోజుకు పదిసార్లు పరుగు. మా ఆరు గదులకూ కలిపి ఒక్కటే లెట్రిన్. నేను లోపలికి వెళ్ళిన నిమిషానికే ఎవరో ఒకరు తలుపు దబదబా బాదేవారు. నొప్పినైనా ఓర్చుకునేదాన్ని గానీ ఆ బాదుడుకు గుండెదడ వచ్చేది. పోనుపోను ఎవరూ బాదకపోయినా వినిపించేది.

కలరా అనగానే పక్కగది ఆవిడ కళ్ళు నామీద పడ్డాయి. ఆవిడా నాలాగే సినిమాల్లో గుంపులో కూర్చునే జూనియర్ ఆర్టిస్టే.

"గీమెకు గత్తరే! దినాం గన్నిసార్లు ఎవలన్న పోతరా?" అని వాకిట్లో నిలబడి చాటింది.

నాది అంటురోగం కాదని డాక్టరు రాసిచ్చిన చీటీ చూపించాను. ముట్టుకోనైనా లేదు మహాతల్లి. మర్నాటికి లెట్రిన్‌కు తాళం. అడిగినవాళ్ళందరికీ తాళంచెవి ఇస్తుంది, నాకు తప్ప. రెండు రోజులు చెంబు పట్టుకుని రాళ్ళగుట్ట ఎక్కాను. అన్నం మానేశాను. ఆవిడ నోరు పడిపోవాలని రోజూ దేవుడికి దండం పెట్టుకున్నాను, అబద్ధమెందుకు.

మూడో రోజు ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్, పెళ్ళి సీను. వారం ముందే సగం తీశారు. అందులో మేమిద్దరం రెండో వరసలో భుజాలు రాసుకుని కూర్చున్నాం. కంటిన్యుటీ కోసం ఇప్పుడూ అవే చీరలతో అక్కడే కూర్చోవాలి. ఆవిడ కుర్చీ దూరంగా జరిపింది.

"దగ్గరగా కూర్చోండమ్మా, గ్యాప్ కనిపిస్తోంది!" అని అసిస్టెంట్ డైరెక్టర్ అరిచాడు.

హీరో వచ్చాడు. లైట్లు వెలిగాయి. నేను లేచి నిలబడ్డాను.

"మళ్ళీ ఏంటమ్మా?"

"మా లెట్రిన్ తాళంచెవి ఈవిడ దగ్గరుంది సార్. అది నా చేతికొస్తేనే కూర్చుంటా."

సెట్టంతా నవ్వింది. నవ్వనీ. సిగ్గుపడే ఓపిక నాకెప్పుడో అయిపోయింది.

"ఇచ్చెయ్యమ్మా తల్లీ, హీరోగారు వెయిటింగ్!" అని అతను ఆవిడ మీద కేకలేశాడు.

ఆవిడ బొడ్లోంచి తీసి నా మీదికి విసిరింది. "నీ కడుపుల మన్నువడ!"

"కడుపు సంగతి నేను చూసుకుంటాలే అక్కా, నువ్వు దగ్గరికి జరుగు."

సాయంత్రం తాళం తీసి మురిక్కాలవలో పడేశాను. నేను వాడానని తెలిశాక ఇంకెవరూ అటు రాలేదు. మిగతా ఐదు గదులవాళ్ళూ చెంబులు పట్టుకుని గుట్టెక్కారు. ఎక్కండి, మీకూ తెలియాలి, అనుకున్నాను.

లోపల గడియ పెట్టుకుని కూర్చున్నాను. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. ఎవరూ తలుపు బాదలేదు. అప్పుడొచ్చింది ఏడుపు. ఒక్కరైనా వచ్చి బాదితే బాగుండు.