వేడి మీదున్న ఇంజిన్

మొన్న పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ముందు ఒక సేఠ్ తన పాత స్కూటర్‌తో కుస్తీ పడుతున్నాడు. మిట్టమధ్యాహ్నం. బండి అప్పుడే ఎక్కడినుంచో వచ్చి ఆగినట్టుంది, ఇంజిన్ సెగలు కక్కుతోంది. ఆయనేమో ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువగా వెళ్లేలా చోక్ లాగి కిక్కు మీద కిక్కు కొడుతున్నాడు. పెట్రోలు వాసన గుప్పుమంది. నా నోరు ఊరుకోదు కదా! “చోక్ బంద్ కరో భాయ్, పెట్రోల్ జ్యాదా హో గయా” అని, పెట్రోలు ఎక్కువైంది చోక్ మూసెయ్యమన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “ఆప్ జాయియే సాబ్, మేరీ గాడీ హై” అని, నా బండి నా ఇష్టమన్నట్టు ఇంకో నాలుగు తన్నులు తన్నాడు. నాకు ఒళ్లు మండింది. తిట్టేవాణ్ణే కానీ, పెట్రోలు తాగించే ఆ రోగాన్ని మా ఇంట్లో అంటించినవాణ్ణి నేనే అని గుర్తొచ్చి నోరు మూసుకుని నడిచాను.

ముప్పై ఏళ్లు ఊరి బయట ఒక ఫ్లయింగ్ క్లబ్బులో మెకానిక్‌గా పనిచేశాను. విమానాల మెకానిక్ అంటే పాతబస్తీ జహనుమాలో మా గల్లీవాళ్లు పెద్ద పెద్ద జెట్లే అనుకునేవారు. మా విమానాలకు ముక్కు మీద ఒక పంకా, లోపల నలుగురు ఇరుక్కుని కూర్చునే చోటు, అంతే. సాయంత్రమైతే ఇద్దరం కలిసి తోసి షెడ్డులో పెట్టేవాళ్లం. ఆ సంగతి నేనూ ఎవరికీ విడమరిచి చెప్పలేదనుకోండి. మాకు నాలుగిళ్ల అవతలే మా అక్క ఇల్లు. బావ బస్సు డిపోలో ఉద్యోగి. వాళ్ల ఒక్కగానొక్క కూతురు, నా మేనకోడలు, చిన్నప్పుడు నా చొక్కాకు అంటిన పెట్రోలు వాసన పీల్చి పీల్చి పైలట్‌నవుతానని పట్టుబట్టింది.

దానికి బండి నేర్పింది నేనే. మాది పాత స్కూటర్. స్టార్ట్ కాకపోతే పక్కకు వంచి, చోక్ లాగి, “ఇంకింత తాగనియ్ బిడ్డా, అదే లేస్తది” అని నేర్పాను. మా గల్లీలో అందరి విద్యా అదే. మొరాయించినదానికి ఇంకాస్త పెట్టడమే మాకు తెలిసిన వైద్యం. మా అక్కయితే అలిగినవాడికి కూడా ఇంకో గరిటె అన్నం వేస్తుంది.

ఆ చిన్న విమానం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మర్యాదస్తురాలే. ఎర్ర పిడి పెట్రోలుకు, నల్ల పిడి గాలికి. పంపు వేసి ముందుగా కాస్త పెట్రోలు తాగించి తాళం తిప్పితే లేస్తుంది. వేడి మీద ఉన్నప్పుడే దాని అసలు గుణం బయటపడుతుంది. ఇంజిన్ నెత్తి మీది సన్నటి గొట్టాల్లో పెట్రోలు మరిగి ఆవిరైపోతుంది. అప్పుడు పంపు జోలికి పోకూడదు. ఎర్ర పిడి మూసే ఉంచి తాళం తిప్పాలి, అది దగ్గి లేవబోతుండగా మెల్లగా తెరవాలి. లేదూ, ఇంకా తాగిస్తానంటే పెట్రోలు కింది నుంచి కారుతుంది. దాని మీద ఒక్క నిప్పురవ్వ పడితే విమానం, లోపలి మనుషులు అంతా బూడిదే.

ఇదంతా ఇంట్లో రొట్టెల పీట మీద ఎర్ర మూత ఒకటి, నల్ల మూత ఒకటి అంటించి సాధన చేయించాను. “రొట్టెలు జేద్దమంటే పీట లేదు, మీ ఇమానం సల్లగుండ!” అని అక్క రోజూ లొల్లి పెట్టేది. చల్లటి ఇంజిన్ పాఠం వందసార్లు చేయించి ఉంటాను. వేడి ఇంజిన్‌ది నాలుగైదుసార్లు చేయించి, వచ్చేసిందిలే అనుకున్నాను. మెకానిక్ ఉద్యోగంలో ‘అనుకున్నాను’ అనే మాటకు చోటు లేదని తెలిసి కూడా.

లైసెన్స్ కోసం ఎగ్జామినర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని విమానం నడిపి చూపాలి. మొదటిసారి తప్పింది. రెండోసారి కూడా తప్పితే అంతకుముందు పాసైన పేపర్ల గడువు ఆ నెలాఖరుకు తీరిపోయి, అన్నీ మొదటి నుంచి రాయాలి. “ఈసారి గిట్ల పోతే ఇగ చాలు బిడ్డా, బ్యాంకు పరీక్షలు రాసుకో” అని బావ తేల్చేశాడు. ఆ రాత్రి అది అన్నం ముట్టలేదు.

పరీక్ష రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. చక్రం కింద పెట్టమని అక్క ఇచ్చిన నిమ్మకాయ నా జేబులోనే ఉంది. ఎగ్జామినర్ మాట ఖర్చు చేయని మనిషి, ఆయన ముందు అది బయటికి తీసే ధైర్యం నాకెక్కడిది! అప్పుడే ఇంకో విద్యార్థి దిగిన విమానాన్ని చూపించి, “ఇదే తీసుకుందాం” అన్నాడాయన. ఇంజిన్ పెనంలా కాలుతోంది.

స్టార్ట్ చేసేటప్పుడు నిప్పులార్పే సిలిండర్ పట్టుకుని ఎడమ పక్కన, పైలట్‌కు కనబడేలా నిలబడటం నా డ్యూటీ. పరీక్షలో నోరు విప్పకూడదు. ప్రమాదం కనబడితే మాత్రం రెండు చేతులూ ఎత్తి అడ్డంగా పెట్టాలి, పైలట్ వెంటనే ఆపేయాలి. అది నియమం. పరీక్షలో నేను చేతులెత్తానంటే అక్కడికి పరీక్ష ముగిసినట్టే.

లోపలి నుంచి మేనకోడలు “క్లియర్!” అని అరిచింది. వెంటనే పంపు గుయ్‌మంది. అయిపోయింది, చల్లటి ఇంజిన్ పాఠమే చదువుతోంది! పంకా తిరిగింది, దగ్గింది, ఆగింది. మళ్లీ పంపు. ఈసారి ఇంకాసేపు. ‘ఇంకింత తాగనియ్ బిడ్డా’ అన్న నా గొంతే నా చెవుల్లో మోగింది. ముక్కు కింద నుంచి ఒక చుక్క రాలింది. తర్వాత ఇంకొకటి. తర్వాత సన్నటి ధార. పంకా తిరుగుతూనే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను. చేతులెత్తాలి. ఎత్తితే బిడ్డ బతుకు ఆగిపోతుంది. ఎత్తకపోతే... ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నాను. దేనికోసం లెక్కపెట్టానో ఇప్పటికీ నాకు తెలియదు. పది దాకా వచ్చాను.

పంకా ఆగింది. ఆపింది నా మేనకోడలే. అన్ని స్విచ్‌లూ కట్టేసి, చిన్న కిటికీ తెరిచి, ఎగ్జామినర్ వింటుండగానే అడిగింది.

“మామా, పెట్రోల్ కారుతుందా?”

“కారుతుంది బిడ్డా” అన్నాను.

“తప్పు నాదే సార్. వేడి ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువిచ్చిన” అని పక్కకు తిరిగి చెప్పింది. మళ్లీ నాతో, “అయిదు నిమిషాలు ఆగుతా మామా. నేల ఆరినంక చెప్పు” అంది.

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎగ్జామినర్ కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నేను సిలిండర్‌ను సంకన బిడ్డలా కరుచుకుని నేల మీది తడి వైపే చూశాను. ఆ ఎండకు అది ఇట్టే ఆరిపోయింది, కారడమూ ఆగింది. బొటనవేలు ఎత్తి చూపాను. ఈసారి పంపు మోగలేదు. ఎర్ర పిడి మూసి, నల్ల పిడి పూర్తిగా తెరిచి తాళం తిప్పింది. లోపల మిగిలిన పెట్రోలంతా ఊడ్చుకుపోయేదాకా తిప్పి, అది దగ్గిన క్షణంలో నల్లది వెనక్కి లాగి ఎర్రది తెరిచింది. ఇంజిన్ గర్రుమని లేచింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోను.

గంటన్నర తర్వాత దిగారు. పాసైంది! తప్పు తానే పట్టుకుని దిద్దుకుంది కాబట్టి అది లెక్కలోకి రాలేదు. అది బావకు ఫోన్ చేయడానికి పక్కకు పరిగెత్తగానే ఎగ్జామినర్ నా దగ్గరికొచ్చాడు.

“పెట్రోల్ కారడం మీకు ముందే కనబడింది కదా. చేతులెందుకు ఎత్తలేదు?”

“నా మేనకోడలు సార్” అన్నాను.

“అందుకే అడుగుతున్నా” అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అక్క గల్లీ అంతా మిఠాయి పంచింది. “అంత మామ నేర్పిన ఇద్య” అని బావ నా నోట్లో లడ్డూ కుక్కాడు. మేనకోడలు నన్ను చూసి నవ్వింది. నన్ను ఏమీ అడగలేదు, ఇప్పటిదాకా అడగలేదు. ఇప్పుడది పెద్ద విమానాలే నడుపుతోంది. అది ధైర్యంగా ఆగిన ఆ అయిదు నిమిషాలు అప్పుడే గడిచిపోయాయి. నేను చేతులెత్తకుండా లెక్కపెట్టిన ఆ పది అంకెలే, ఇన్నేళ్లయినా, నాకింకా గడవలేదు.