గేదెలు ఎటు తిరిగి ఉన్నాయి?

పెనుమూడి వంతెన ఎక్కగానే బస్సు చక్రాల కింద అతుకులు ధడేలుమంటాయి. రేపల్లె నుంచి బడికి వెళ్ళే ప్రతి ఉదయమూ వినే చప్పుడే. ఈ రోజు మాత్రం కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ ఆ చప్పుడుకి కళ్ళు గట్టిగా మూసుకుని, ముందు సీటు కమ్మీ పట్టుకుంది. ఒకప్పుడు నా చేతులూ అలాగే బిగుసుకుపోయేవి. వెంటనే నసీమా గారు గుర్తొచ్చారు.

నది అవతల ఒక ప్రైవేటు బళ్ళో టీచర్ని నేను. రెండేళ్ళ క్రితం ఇదే వంతెన మీద ఒక లారీ నా స్కూటీని రాసుకుంటూ పోయింది. రెయిలింగ్ పక్కన పడ్డాను. మోకాలు గీరుకుపోవడం తప్ప ఇంకేమీ కాలేదు. కానీ ఆ తర్వాత వంతెన కనిపిస్తే చాలు, ఊపిరి ఆడేది కాదు. పిల్లలకు ధైర్యం గురించి పాఠాలు చెప్పే మనిషిని, ఈ మాట ఎవరితో చెప్పుకోను? నడుము నొప్పి అని సెలవు పెట్టాను. ఇంట్లోనూ అదే చెప్పాను. నెలాఖరుకి రాకపోతే ఇంకొకరిని తీసుకోక తప్పదని హెడ్మాస్టరు గారు కబురు చేశారు.

తెనాలిలో నసీమా గారనే కౌన్సెలర్ ఉన్నారని ఒక స్నేహితురాలు చెబితే రైలెక్కి వెళ్ళాను. తీరా చూస్తే బయట బల్ల మీద కొలకలూరు బంధువు ఒకావిడ! కంటి డాక్టరు కోసం వచ్చానని బొంకాను. ఆ భవనంలో కంటి డాక్టరే లేడు. ఆ సిగ్గుతో లోపల నోరు పెగల్లేదు. మరుసటి వారం వెళ్ళలేదు. రావడం ఇబ్బందిగా ఉంటే ఫోన్‌లో వీడియో పెట్టుకుందామా అని ఆవిడే మెసేజ్ పంపారు.

మొదటి వీడియోకి మంచి చీర కట్టుకుని, ఇన్‌స్పెక్షన్‌కి కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నాను. మామూలుగా ఈ వేళప్పుడు ఏం చేస్తుంటారని అడిగారు. చిక్కుడుకాయలు ఒలుస్తానన్నాను. అయితే ఒలుస్తూనే మాట్లాడమన్నారు. చూపు కాయల మీద ఉండేసరికి నిజం బయటికొచ్చింది. గంట కూర్చోలేని రోజు ఇరవై నిమిషాలతో ఆపేసేవారు. మొహం చూపించలేని రోజు కెమెరా తీసేయమనేవారు. నా వీలును బట్టి తన పద్ధతి మార్చుకున్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

ఒకరోజు మా అత్తయ్య గదిలోకి వచ్చి, ఎవరో చుట్టాలనుకుని ఫోన్లోకి తొంగిచూసి "వందనాలమ్మా" అంది. నసీమా గారు నవ్వి తిరిగి వందనాలు చెప్పారు. ఆపేద్దామా అని నన్నడిగారు. ఆవిడెవరో అర్థమైనట్టుంది, నేను నోరు విప్పేలోపే అత్తయ్య అందుకుంది.

"దీనికి నడుము నొప్పేం కాదమ్మా. వంతెనంటే భయం. నాకు తెలుసు. అది చెప్పుకోలేకపోతుంటే నేనెలా అడుగుతాను?"

చిక్కుడుకాయలు ఒళ్ళో పెట్టుకుని భోరుమన్నాను. ఇన్నాళ్ళూ ఎవరి దగ్గర దాచానో వాళ్ళే నా సిగ్గును కాపాడుతూ వచ్చారు.

ఆ వారమే నసీమా గారు అన్నారు: "మన రెండు గదుల్లోనూ వంతెన లేదు కదండీ. ఫోన్‌తో అక్కడికే వెళ్దాం."

మొదటి రోజు ఫోన్ చెవికి పెట్టుకుని వంతెన మొదట్లో నిలబడి వచ్చేశాను. తర్వాత పదడుగులు. అత్తయ్య టీ కొట్టు దగ్గర కూర్చునేది. బడికి వెళ్ళాల్సిన రోజుకి ముందు రోజు, సగం దూరంలో కాళ్ళు కదలనన్నాయి. రెయిలింగ్ పట్టుకుని, ఇక నా వల్ల కాదన్నాను.

"సరేనండి, నిలబడండి. నేనా వంతెన ఎప్పుడూ చూడలేదు. నాకిక్కడ ఏమీ కనిపించట్లేదు. మీరే చెప్పాలి."

ఇసుకలో ఒకాయన వల బాగుచేసుకుంటున్నాడన్నాను. ఇంకా అన్నారు. నీళ్ళల్లో గేదెలున్నాయన్నాను. ఎన్ని అన్నారు. అయిదు. ఎటు తిరిగి ఉన్నాయి అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"గేదెల మొహాలతో మీకేం పనండీ?"

ఆవిడ పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. వాటి మొహాలు చూద్దామని నాలుగడుగులు ముందుకు వేశాను, ఆ తర్వాత మరో నాలుగు. అవతలి ఒడ్డు దగ్గరపడింది. మర్నాడు బడికి వెళ్ళాను.

ఇప్పుడు బాపట్ల నుంచీ, నిజాంపట్నం నుంచీ కూడా ఆవిడతో ఫోన్లో మాట్లాడేవాళ్ళు ఉన్నారట. నేను మాత్రం ఆ మొదటిసారి తప్ప ఆవిణ్ణి ఎదురుగా చూడనేలేదు. అయినా నాకు అంత దగ్గరగా నిలబడ్డవాళ్ళు తక్కువ.

బస్సు వంతెన మధ్యకు వచ్చింది. పెద్దావిడ కళ్ళు ఇంకా తెరవలేదు. నేను కొంచెం వంగాను.

"పెద్దమ్మా, నాకిటునుంచి నది కనిపించట్లేదు. ఏమున్నాయో కాస్త చూసి చెప్తారా?"

ఒక కన్ను తెరిచి బయటికి చూసింది.

"గేదెలమ్మా," అంది.

"ఎటు తిరిగి ఉన్నాయి?" అని అడిగాను.