అర నిమిషపు పోటు

రిటైర్మెంటుకి రెండేళ్లు ఉందనగా, ఒక ఆగస్టులో, నన్ను కొల్లేరు దిగువనున్న ఒక డ్రైనేజీ సబ్-డివిజనుకి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. కాపురం ఏలూరులో, పని కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు గట్ల మీద. చేలల్లో మిగిలిన నీటిని మోసుకెళ్లి ఉప్పుటేరులో కలిపే కాలువలను మేం డ్రెయిన్లంటాం. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీరు వెనక్కి ఎక్కకుండా వాటి చివర షట్టర్లతో రెగ్యులేటరు కడతారు. ఆ షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగి లస్కరు. మా శాఖలో అన్నిటికంటే కింది మెట్టు అతనిది.

అక్టోబరులో వాయుగుండం పట్టుకుని రెండు రోజులు వాన వదల్లేదు. రెగ్యులేటరుకి ఎగువన నీరు ఐదడుగులు దాటిందని తెలియగానే లస్కరు సత్యానందానికి ఫోన్ చేసి షట్టర్లన్నీ ఎత్తమన్నాను.

“దిగువ నీరు ఇంకా ఎక్కువగా ఉందండీ. పోటు తియ్యనివ్వండి, ఎత్తేస్తాను,” అన్నాడు.

రోజూ నీటిమట్టాలు ఎక్కించే గేజి రిజిస్టరు నా ఎదురుగానే ఉంది. దిగువ నీరు మూడున్నర అడుగులేనని అందులో స్పష్టంగా రాసి ఉంది. చెప్పింది చెయ్యవయ్యా అని ఫోన్ పెట్టేశాను. అతను మూడు గంటలాగి ఎత్తాడు. ఈలోగా ఎగువన ఈనిన వరి మునిగింది. రైతులు వచ్చి ఆఫీసు ముందు కూర్చున్నారు. ఎవరినో ఒకరిని చూపించాలి, నేను సత్యానందాన్ని చూపించాను.

ఆజ్ఞ ధిక్కరించాడని మెమో ఇచ్చాను. “పోటు వల్ల ఆగానండి” అని ఒక్క ముక్కలో సంజాయిషీ రాసిచ్చాడు. నాకు మరింత ఒళ్లు మండింది. అతనికి ఇంకో ఏడాదే సర్వీసుంది. సస్పెన్షనుకి సిఫారసు టైపు చేయించాను. సోమవారం సంతకం పెట్టి మా పై అధికారి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారికి పంపాలి.

ఆ ముందు ఆదివారం తాడేపల్లిగూడెంలో సైన్సు ఫిక్షను అభిమానుల సమావేశం ఉంది. కొల్లేరు మోడలొకటి చేశాం, నీటి పని తెలిసినవారిని పంపమని వాళ్లు ఉత్తరం రాస్తే, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు నన్ను వెళ్లమన్నారు. పిల్లల ఆటకి నేనెందుకని విసుక్కుంటూనే వెళ్లాను. కల్యాణ మండపం నిండా వెండిరంగు సూట్లు, అట్ట హెల్మెట్లు. గ్రహాంతరవాసి ఒకడు నాకు బాదంపాలు తెచ్చిచ్చాడు.

మోడలు చూశాక నా విసుగు సగం పోయింది. చేయించినవారు కనకదుర్గ గారని, హైస్కూల్లో ఫిజిక్సు టీచరు. రెండు వందల ఏళ్ల తర్వాత సముద్రం పైకొస్తే కొల్లేరు ఎలా ఉంటుందో అన్నది ఊహ. ఇరవై అడుగుల రేకు తొట్టిలో తేలే ఇళ్లు, స్పాంజి ముక్కల చేలు, బొమ్మ మోటార్లతో కదిలే షట్టర్లు. సముద్రం వైపు ఒక డ్రమ్ము నీళ్లలో మునిగి లేస్తుంటే పోటు వచ్చి పోతోంది. సముద్రపు నీటిలో నీలిసిరా కలిపారు.

పొడవును పదివేల వంతుకి తగ్గించి, లోతును మాత్రం యాభయ్యో వంతుకే తగ్గించారు. రెండూ ఒకే లెక్కన తగ్గిస్తే కొల్లేరు కాగితం మందం కూడా ఉండదు, నీరు కదలదు. మా పరిశోధన కేంద్రాల్లోనూ అలాగే చేస్తారు. ఆ లెక్కలో కాలమూ కుదించుకుపోతుంది. పన్నెండున్నర గంటల పోటూపాటూ అక్కడ అర నిమిషంలో అయిపోతాయి. ఆవిడ అదంతా తప్పు లేకుండా కట్టారు. మెచ్చుకున్నాను.

స్విచ్చి నా చేతికిచ్చి, “వాన పోస్తామండీ. ఎప్పుడు ఎత్తాలో మీ ఇష్టమండీ,” అన్నారు ఆవిడ.

పూలకుండీల జల్లుడబ్బాతో వాన పోశారు. ఎగువన నీరు స్పాంజి చేలను తాకింది. ముప్పై ఏళ్ల సర్వీసు నాది, ఆలోచించేదేముంది? షట్టర్లు ఎత్తేశాను. నీలిరంగు నీరు లోపలికి దూకి చేలన్నిటినీ ముంచేసింది. హెల్మెట్ల వాళ్లంతా నవ్వారు.

“పోటు చూసుకోలేదండీ మీరు,” అన్నారు కనకదుర్గ గారు, మెల్లిగా.

ఇంకోసారి పెట్టమన్నాను. ఈసారి డ్రమ్మునే చూస్తూ ఆగాను. నీలినీరు తగ్గాక ఎత్తితే వాననీరు సాఫీగా సముద్రంలోకి పోయింది. వాచీలో చూస్తే ఆగింది ఏడు సెకన్లు. ఆ లెక్కలో దాదాపు మూడు గంటలు. సత్యానందం ఆగిందీ అంతే. నాకు సిగ్గేసింది, దానికంటే ఎక్కువగా భయమేసింది.

భోజనానికి ఆగకుండా నేరుగా రెగ్యులేటరు దగ్గరికి పోయాను. రిజిస్టరులోని ఆ మూడున్నర అడుగులు చూసి రాయాల్సిన దిగువ గేజి స్తంభం ఏదని సత్యానందాన్ని అడిగాను.

“నిరుటి వరదకే పోయిందండీ. ఆఫీసులో మూడుసార్లు చెప్పానండీ. నేను దిగువన నీళ్లలోకి దిగే ఆ మెట్లు చూసుకుంటానండీ. మూడో మెట్టు మునిగుంటే ఎత్తనండీ.”

మర్నాడు రిజిస్టరు తిరగేశాను. గడి ఖాళీగా ఉంటే తనిఖీలో అడుగుతారని, మా గుమాస్తా పాత అంకె కిందే ఏడాదిగా ‘డిటో’ పెట్టుకుంటూ వచ్చాడు. చేరిన నాటి నుంచీ ప్రతి వారం దాని కింద సంతకం నాది. ఆ రోజు సత్యానందం నా మాట విని ఉంటే చేలల్లోకి ఉప్పునీరు ఎక్కేది, ఆ పైరే కాదు తర్వాతి పైరూ పోయేది.

సిఫారసు చించేసి ఇంకో రిపోర్టు రాశాను. ఆర్డరు తప్పు, రిజిస్టరు తప్పు, రెండూ నావి, లస్కరు చేసింది సరైన పని అని. అతని మెమో రద్దయింది. నా సర్వీసు రిజిస్టరులో మందలింపు ఎక్కింది. అది న్యాయమే. దిగువ స్తంభం నెలలోపల నిలబెట్టించాను.

నేను నేర్చుకున్నది చిన్న విషయమే. సంతకం పెట్టినంత మాత్రాన అంకె నిజమైపోదు, నీటి పక్కన నిలబడ్డ మనిషిని అడగాలి. సత్యానందం గారు రిటైరయ్యేదాకా, వాన పట్టిన ప్రతిసారీ ఫోన్‌లో నా మొదటి మాట ఒకటే.

“మూడో మెట్టు కనిపిస్తోందాండీ?”