సాయవ్వ గడపలో తీసిన ఫొటో

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎవరైనా ఆ మాటెత్తితే పోవయ్యా అని కసురుకునే రకాన్ని. ఇప్పుడు ఆ నోటితోనే ఇది చెప్పాల్సి వస్తోంది, నా ఖర్మ.

మాది బోధన్. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా గల్లీలో ఒక్కో ఇల్లే ఖాళీ అవుతోంది. మిగిలినవాళ్లనైనా దాచుకుందామని పాత రీలు కెమెరాతో నలుపు తెలుపు ఫొటోలు తీస్తుంటాను. నల్లా దగ్గర బిందెలు, అరుగుల మీద ముచ్చట్లు, అవే. రీళ్లు కడిగేదీ, ప్రింట్లు వేసేదీ నేనే, మా బాత్రూంలో.

ఎదురింటి సాయవ్వ బీడీలు చేస్తుంది. ఆమె భర్త నర్సయ్య ఫ్యాక్టరీ పని పోయాక, చెరకు కొట్టడానికి మహారాష్ట్ర వైపు వెళ్లి మళ్లీ రాలేదు. ఏళ్లు గడిచాయి. ఇక దర్భలతో బొమ్మ చేసి కాల్చి, దినాలు చేసేద్దామని మరుదులు పట్టుబట్టారు. అది జరిగితే ఆమె బొట్టూ మెట్టెలూ తీసేయాలి. సాయవ్వ ససేమిరా అంది.

ఒక పొద్దున ఆమె ఒళ్లో చాట పెట్టుకుని గడప దగ్గర బీడీలు చుడుతుంటే ఫొటో తీశాను. ఒక్కతే ఉంది. ఈ కళ్లతోనే చూశాను.

రీలు కడిగితే, ఆమె పక్కన నర్సయ్య కూర్చుని ఉన్నాడు.

ముందు నన్ను నేనే తిట్టుకున్నాను. వాడిన రీలునే మళ్లీ ఎక్కిస్తే బొమ్మ మీద బొమ్మ పడుతుంది. ఆ పొరపాటు మాకు మామూలే. కానీ నేను కెమెరా కొన్నదే ఆయన ఊరొదిలి వెళ్లాక. పైగా వెళ్లేనాటికి నల్లటి జుట్టు, ఫొటోలో తల ముగ్గుబుట్ట.

సాయవ్వ చూసి నవ్వింది. "గిదేంది బిడ్డా, ఇంత ముసలోడైండు!" అంటూ కొంగుతో ఆ ముఖం తుడిచి, భోరుమంది. మరుదుల ముందు ఫొటో పెట్టి, "బతికున్నోనికి దినాలు చేస్తరా? మీ నోట్ల మన్నువడ!" అని తిట్టి పంపింది. నాకూ సంతోషమేసింది, అబద్ధమెందుకు.

ఇంకోటి తియ్యమని వెంటపడింది. మంచి చీర కట్టుకుని, పక్కన జాగా వదిలి కూర్చుంది. తీశాను.

ఈసారి ఆయన గల్లీ చివర ఉన్నాడు. వీపు ఇటు, చేతిలో సంచి. పోతున్నాడు.

బాత్రూం బయటే నిలబడ్డ సాయవ్వ, తడి ఆరకముందే నా చేతిలోంచి లాక్కుంది. చాలాసేపు చూసింది.

"సచ్చిపోతె ఏడ్సి ఊకుంటుంటి. బతికుండే పోతుండు గద బిడ్డా. ఇగ గీ బొట్టు ఎవనికి?"

మరుదులను తనే పిలిపించింది. దినాలకు దండ వేయడానికి ఆయనది వేరే ఫొటో లేదు. నేను తీసిన మొదటిదాన్నే నడిమికి కత్తిరించి, ఆయన సగం గోడకు పెట్టారు.

నెగెటివ్‌లు రెండూ నా దగ్గరున్నాయి. చూసినవాళ్లెవరూ ఏమీ తేల్చలేదు. వచ్చినవాడు ఎందుకొచ్చాడో, ఆమెను అలా కూర్చోబెట్టి ఎందుకు పోయాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.